డెక్కన్ చార్జర్స్ అభిమానులుగా మిగిలిపోయినవాళ్లకు ఒక బహిరంగ లేఖ

డెక్కన్ చార్జర్స్ అభిమానులందరికీ నమస్కారం.

‘మాజీ అభిమానులు’ అని రాయబోయి ఆగాను. జట్టు లేకుండా పోయింది గానీ మనమెవరం రాజీనామా ఇవ్వలేదు కదా. 2012 సెప్టెంబరులో క్రికెట్ బోర్డు ఐపీఎల్‌లో హైదరాబాద్ తరఫున ఆడిన మన ఫ్రాంచైజీని, అంటే మన జట్టును, రద్దు చేసింది. మరుసటి నెల హైదరాబాద్ జట్టు హక్కులు ఏడాదికి 85.05 కోట్ల రూపాయల లెక్కన సన్ టీవీకి వెళ్లాయి. స్టెయిన్, సంగక్కర లాంటివాళ్లు కొత్త జట్టులో చేరారు. పేరు సన్‌రైజర్స్‌గా మారింది, జెర్సీ నారింజ రంగులోకి వచ్చింది. ఆటగాళ్లతో పాటు అభిమానులు కూడా బదిలీ అయిపోతారులే అని అందరూ అనుకున్నారు. చాలామంది అయ్యారు కూడా. తప్పేం లేదు, నేనూ సన్‌రైజర్స్ మ్యాచ్‌లు చూస్తాను. 2024లో బెంగళూరు మీద 287 కొట్టిన రోజు మా అపార్ట్‌మెంట్‌లో అందరికంటే గట్టిగా అరిచింది నేనే.

అయినా ఒక్క విషయంలో పేచీ ఉంది. అది తేల్చుకుందామనే ఈ లేఖ.

ఏప్రిల్ వస్తే చాలు, ఆ వాదన మళ్లీ మొదలవుతుంది. ‘హైదరాబాద్‌కి రెండు కప్పులు’ అని ఒకడంటాడు. ‘కాదు, ఒకటే. 2016ది మాత్రమే లెక్క, 2009 వేరే ఫ్రాంచైజీ’ అని ఇంకొకడు. మనవాళ్లు ఎక్కువగా మొదటివాడి వైపు చేరి, 2009ని కూడా సన్‌రైజర్స్ ఖాతాలో వేయించడానికి తంటాలు పడుతుంటారు. దయచేసి ఆ పని మానండి. ఆ కప్పు వాళ్లది కాదు. ఇల్లు కొన్నంత మాత్రాన ఆ ఇంట్లో అంతకుముందు జరిగిన పెళ్లి కొన్నవాడిది అయిపోదు. 2009 మనది. జట్టు లేదు కాబట్టి దానికి ఇప్పుడు దిక్కు మనమే.

అసలు మనది ఎంత విచిత్రమైన జట్టో ఒకసారి గుర్తు చేసుకోండి. 2008లో గిల్‌క్రిస్ట్, సైమండ్స్, గిబ్స్, అఫ్రిది, లక్ష్మణ్, రోహిత్ శర్మ అందరూ మన దగ్గరే ఉన్నారు. కాగితం మీద చూస్తే కప్పు మనదే. తీరా చూస్తే పద్నాలుగు మ్యాచ్‌ల్లో రెండు గెలిచి ఎనిమిది జట్లలో ఎనిమిదో స్థానం. ఆ రెండు కూడా ముంబైలో ఒకటి, చెన్నైలో ఒకటి. సొంత మైదానం ఉప్పల్‌లో ఆడిన ఏడుకి ఏడూ ఓడాం. సైమండ్స్ రాజస్థాన్ మీద 117 కొట్టి నాటౌట్‌గా నిలిచిన రోజు కూడా, చివరి ఓవర్ మళ్లీ ఆయన చేతికే ఇస్తే, షేన్ వార్న్ వరసగా రెండు సిక్సర్లు బాది మ్యాచ్ పట్టుకుపోయాడు. టికెట్ కొని ఉప్పల్ వెళ్లి, వెనక్కి వచ్చే బస్సులో కిటికీకి తలానించుకుని కూర్చున్నవాళ్లు మీలో ఎందరో ఉంటారు.

2009లో ఎన్నికలు వచ్చాయి. భద్రత కుదరదని టోర్నీ మొత్తాన్ని దక్షిణాఫ్రికా తీసుకెళ్లారు. అప్పుడు గెలిచాం. కప్పు గెలిచిన ఏడాది సొంత ఊళ్లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. 2010లో తెలంగాణ ఉద్యమం వేడి మీద ఉందని మన మ్యాచ్‌లు నాగ్‌పూర్, కటక్, నవీ ముంబైలకు తరలించారు. ఉప్పల్‌లో మనం మొదటి మ్యాచ్ గెలిచింది 2011 ఏప్రిల్‌లో, బెంగళూరు మీద. అంటే చాంపియన్లు అయిన రెండేళ్లకు గానీ సొంత మైదానంలో బోణీ కొట్టలేదన్నమాట. ఇలాంటి జట్టును ప్రేమించాలంటే కొంచెం తిక్క ఉండాలి. ఆ తిక్క మనకుంది.

నా వరకు అది అమీర్‌పేట హాస్టల్లో మొదలైంది. 2009 సంగతి మీకు తెలియంది కాదు. జనవరిలో సత్యం కుంభకోణం బయటపడింది, అమెరికా మాంద్యం అప్పటికే నడుస్తోంది. ఇంజినీరింగ్ అయిపోయినవాళ్లంతా కోచింగ్ సెంటర్లుండే మైత్రీవనం చుట్టూ తిరుగుతున్న రోజులు. పొద్దున్నే జావా క్లాసు, మధ్యాహ్నం టెస్టింగ్ టూల్స్, మధ్యలో నోట్స్ జిరాక్స్ తీయించుకోవడం, వాకిన్ ఇంటర్వ్యూ ఉందంటే ఇస్త్రీ చొక్కా వేసుకుని మాదాపూర్ బస్సెక్కడం. ఉద్యోగాలు మాత్రం లేవు. ఇంటి నుంచి ఫోన్ వస్తే ‘ఇంటర్వ్యూ బాగానే చేశానమ్మా’ అనే ఒకే జవాబు.

హాస్టల్లో ఎవరినీ పేరుతో పిలిచేవాళ్లం కాదు, ఊరి పేరుతోనే పిలుపు. భీమవరం, కోదాడ, కర్నూలు, జగిత్యాల. ‘ఒరేయ్ కోదాడ, బకెట్ ఎక్కడ పెట్టావురా’ అంటే అందరికీ అర్థమయ్యేది. ఇప్పుడు కోదాడ డాలస్‌లో ఉన్నాడు. కర్నూలు సిడ్నీలో, జగిత్యాల బెంగళూరులో. ఎటూ కదలకుండా ఉన్నది భీమవరం ఒక్కడే, భీమవరంలో. నేను హైదరాబాద్‌లోనే ఉండిపోయాను, మా హాస్టల్‌కి అరగంట దూరంలో.

టీవీ డైనింగ్ హాల్లో ఉండేది. రిమోట్ వెనక భాగం మూత ఎప్పుడో పోయింది, బ్యాటరీలు జారిపోకుండా రబ్బరు బ్యాండ్ వేసి ఉండేది. సాయంత్రం సీరియల్ టైము హాస్టల్ ఆంటీది, అందులో రాజీ లేదు. ఆమె సీరియల్ అయిపోయేసరికి మ్యాచ్‌లో పవర్‌ప్లే, అంటే మొదటి ఆరు ఓవర్లు, అయిపోయేది. అందుకని మనవాళ్ల ఓపెనింగ్ బ్యాటింగ్ నేను చూసింది తక్కువ, విన్నది ఎక్కువ. పక్క బిల్డింగ్ హాస్టల్ కుర్రాళ్లు ‘ఓ’ అంటే గిల్లీ (మన గిల్‌క్రిస్టే) ఫోర్ కొట్టినట్టు, ‘అబ్బా’ అంటే ఔటైనట్టు.

ఇక సెంటిమెంట్లు. ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలో జగిత్యాల తప్ప ఎవరూ కూర్చోకూడదు. నీళ్ల డ్రమ్ము దగ్గర నిలబడి చూస్తున్నప్పుడు సిక్స్ పడితే వాడు ఇక మ్యాచ్ అయ్యేదాకా అక్కడే నిలబడాలి, కాళ్లు లాగినా సరే. కర్నూలు మాత్రం ఐరన్ లెగ్. వాడు హాల్లోకి అడుగు పెడితే వికెట్. మొదట్లో యాదృచ్ఛికం అనుకున్నాం. ఆ తర్వాత వాడు కూడా నమ్మేశాడు. పాపం, అన్నం ప్లేటు పట్టుకుని గుమ్మం బయట నిలబడి ‘రావచ్చా?’ అని అడిగేవాడు. ‘ఈ ఓవర్ అయ్యాక’ అనేవాళ్లం.

మే 16 మీలో ఎందరికి గుర్తుందో. అదే రోజు ఓట్ల లెక్కింపు. రాష్ట్రంలో రాజశేఖరరెడ్డి రెండోసారి గెలిచారు, ప్రజారాజ్యం మీద పెట్టుకున్న ఆశలు తేలిపోయాయి, హాల్లో ఏ నలుగురు కూర్చున్నా నాలుగు పార్టీలు. పొద్దుటి నుంచి టీవీ న్యూస్ చానల్ మీదే ఉంది. సాయంత్రం మనకీ కోల్‌కతాకీ మ్యాచ్. రిమోట్ కోసం జరిగిన గొడవ పంచాయితీ దాకా వెళ్లి చివరికి ఒప్పందం కుదిరింది: ఓవర్ అయ్యాక ఒక నిమిషం ఫలితాలు, మళ్లీ మ్యాచ్. చివరి ఓవర్లో 21 కావాలి, బంతి బంగ్లాదేశ్ బౌలర్ మోర్తజా చేతిలో ఉంది, ఎదురుగా రోహిత్. ఆ ఓవర్లో 26 వచ్చాయి, ఆఖరి బంతి సిక్సర్. అప్పటిదాకా మెజారిటీలు లెక్కపెట్టుకుంటూ ముఖాలు మాడ్చుకున్నవాళ్లు, గెలిచిన పార్టీవాడూ ఓడిన పార్టీవాడూ ఒకరినొకరు పట్టుకుని గెంతారు. ఆంటీ వంటింట్లోంచి వచ్చి ‘మీ పార్టీ గెలిచిందా బాబూ?’ అని అడిగింది. అవునన్నాం.

సెమీఫైనల్లో ఢిల్లీ మీద గిల్‌క్రిస్ట్ 35 బంతుల్లో 85 కొట్టాడు. దాని గురించి రాయడం మొదలుపెడితే ఈ లేఖ అక్కడే ఆగిపోతుంది. వదిలేస్తున్నా.

ఫైనల్ మే 24, ఆదివారం, బెంగళూరు మీద. హాస్టల్లో ఆదివారం మధ్యాహ్నం చికెన్, రాత్రి మెస్ బంద్. కర్రీ పాయింట్ నుంచి పప్పు, వేపుడు, పెరుగు ప్యాకెట్లు తెచ్చుకుని ఏడున్నరకే హాల్లో చేరాం. మొదటి ఓవర్ కుంబ్లే వేశాడు, గిల్‌క్రిస్ట్ డకౌట్. కర్నూలు వైపు అందరూ తిరిగి చూశాం. వాడు ‘నేను రాలేదురా, గుమ్మంలోనే ఉన్నా’ అన్నాడు. ‘నీడ పడింది’ అన్నాడు జగిత్యాల. దాంతో వాడిని మూడో అంతస్తు బాల్కనీకి పంపించేశాం. గిబ్స్ ఒక్కడే నిలబడి 53 నాటౌట్, మనవి మొత్తం 143. కుంబ్లేకి 16 పరుగులకు నాలుగు వికెట్లు. ఆ స్కోరు చూసి పెరుగన్నం సగంలో వదిలేసినవాళ్లున్నారు. తర్వాత ఓజా మూడు తీశాడు. సైమండ్స్ ఒకే ఓవర్లో రాస్ టేలర్‌నీ, ఇరవై ఏళ్ల కోహ్లీనీ పంపించాడు. చివరి ఓవర్లో బెంగళూరుకు 15 కావాలి, బౌలర్ ఆర్పీ సింగ్. ఆరు పరుగుల తేడాతో మనం గెలిచాం. ఆ జట్టులో మన వేణుగోపాలరావు ఉన్నాడు, తిరుమలశెట్టి సుమన్ ఉన్నాడు. లక్ష్మణ్ ఫైనల్ ఆడలేదు, ఆ వెలితి మాత్రం నాకు ఇప్పటికీ ఉంది.

అర్ధరాత్రి దాటాక అమీర్‌పేట రోడ్డు మీదికి వచ్చాం. ఇరానీ హోటల్ మూసేశారు, బైకుల మీద ఎవరో జెండాలు పట్టుకుని తిరుగుతున్నారు. ఉద్యోగం లేదు, జేబులో డబ్బు లేదు, మరుసటి రోజు పొద్దున్నే ఒరాకిల్ క్లాసు. అయినా ఆ రాత్రి మేం చాంపియన్లం. ఇప్పుడు ఎవరో వచ్చి ఆ రాత్రిని రెండు అంకెల్లో ఒక అంకెగా వేరే జట్టు పట్టికలో రాస్తామంటే ఎలా ఒప్పుకుంటాం?

తర్వాత కథ మీకు తెలుసు. రోహిత్‌ని 2011 వేలంలో ముంబై కొనుక్కుంది. 2012 ఏప్రిల్ 9న విశాఖలో మన మీదే ఆడుతూ ఆఖరి బంతికి సిక్సర్ కొట్టి మనల్ని ఓడించాడు. వాళ్లమ్మగారిది విశాఖే కాబట్టి ఊరికి మేనల్లుడు. భీమవరం ఆ రోజు స్టేడియంలోనే ఉన్నాడు. ‘మేనల్లుడు కొడితే కోపం కూడా సరిగ్గా రావట్లేదు మామా’ అని ఫోన్ చేసి చెప్పాడు. ఆ సీజన్లో మన జట్టు డబ్బు కష్టాల గురించి రోజూ పేపర్లో వార్తలే. మే 20న ఉప్పల్‌లో చివరి మ్యాచ్, మళ్లీ బెంగళూరే. మనవి 132 మాత్రమే. స్టెయిన్ ఎనిమిది పరుగులిచ్చి మూడు వికెట్లు తీశాడు, తొమ్మిది పరుగులతో గెలిచాం. బెంగళూరు ప్లేఆఫ్స్ నుంచి ఇంటికి పోయింది, ఆ సందులో చెన్నై లోపలికి దూరింది. మనకు ఒరిగిందేమీ లేదు. కానీ ఆడిన ఆఖరి మ్యాచ్ గెలిచి వెళ్లిపోయాం. ఎన్ని జట్లకు దక్కుతుందది?

ఇక ఇప్పటి సంగతి. మీ గ్రూపుల్లో ఎలా ఉందో గానీ మా వాట్సాప్ గ్రూపులో అసలు తగాదా సిగ్నల్ దగ్గర వస్తోంది. భీమవరంలో కేబుల్. అందరికంటే ముందు వాడికే బంతి పడుతుంది. మేం యాప్‌లో చూస్తాం. వీడియోను ముక్కలు చేసి పంపిస్తారు, ఫోనేమో కొన్ని ముక్కలు ముందే దాచిపెట్టుకుని నింపాదిగా చూపిస్తుంది, దాంతో అర నిమిషం వెనకబడతాం. డాలస్‌లో ఇంకా వెనక. బౌలర్ ఇంకా రనప్ మొదలుపెట్టకముందే గ్రూపులో ‘పోయాడ్రా’ అని పడుతుంది. ఎవరు పోయారు, ఎలా పోయారు, ఏమీ తెలీదు. టెన్షన్‌తో బంతి పడేదాకా ఆగాలి, పడ్డాక ఆశ్చర్యం ఉండదు. ఒకే హాల్లో ఒకే టీవీ ముందు అరిచినవాళ్లం, ఇప్పుడు ఒకే వికెట్‌కి నాలుగుసార్లు అరుస్తున్నాం, ఒకరి తర్వాత ఒకరం.

చివరికి ఒక రూలు పెట్టుకున్నాం, మీకూ పనికొస్తుందని చెబుతున్నా. అందరికంటే ఆలస్యంగా చూసేవాడు, అంటే కోదాడ, గ్రూపులో ఒక చుక్క పెడతాడు. ఆ చుక్క పడేదాకా మిగతావాళ్లు నోరు మెదపకూడదు. మొదట్లో భీమవరం గోల పెట్టాడు, ‘నా కేబుల్‌కి డబ్బులు కడుతున్నది ముందు చూడటానికేరా’ అని. ఇప్పుడు అలవాటు పడ్డాడు. గెలిచిన మ్యాచ్‌కి మాత్రం ఆగలేక సరిగ్గా ఆ టైముకే ఏదో ఒక సినిమా హీరో స్టిక్కర్ పంపిస్తాడు. స్టిక్కర్ చాటింగ్ కిందికి రాదట.

2022 మే 14న సైమండ్స్ కారు ప్రమాదంలో పోయాడని తెలిసినప్పుడు మాత్రం ఎవరూ చుక్క కోసం ఆగలేదు. సిడ్నీ నుంచి కర్నూలే ముందు చెప్పాడు. ఆ రోజు చాలాసేపు కాల్‌లో ఉన్నాం, క్రికెట్ గురించి తక్కువే మాట్లాడుకున్నాం. ఎవడి పిల్లలు ఏ క్లాసు, ఎవరి నాన్నగారికి షుగరు ఎంత, ఇవే.

జగిత్యాల కొడుకు బెంగళూరులో పుట్టాడు, వాడి ప్రాణమంతా బెంగళూరు జట్టు ఆర్సీబీ. 2025 జూన్ 3న వాళ్లు మొదటిసారి గెలిచినప్పుడు, అదీ ఆరు పరుగుల తేడాతోనే, వాడు మాకు వీడియో కాల్ చేసి తెగ గెంతాడు. ‘అంకుల్, మీ టీమ్ ఏది?’ అని అడిగాడు. చెప్పాను. కాసేపు టాబ్‌లో పాయింట్ల పట్టిక అంతా వెతికి ‘ఇందులో లేదే’ అన్నాడు. పాత చాంపియన్ల జాబితా తీయమన్నాను. 2009 దగ్గర పేరు కనిపించింది, ఎదురుగా ఓడిన జట్టు పేరు కూడా. వాడి మొహం మారిపోయింది. వాళ్ల నాన్న పక్కనుంచి నవ్వుతూనే ఉన్నాడు. పదహారేళ్ల తర్వాత కూడా ఆ కప్పు ఒకరిని ఏడిపించగలుగుతోంది, ఇంకేం కావాలి?

కాబట్టి నా మనవి. టీవీ చర్చల్లో, ఆఫీసు క్యాంటీన్లో ఎవరైనా ‘మీ హైదరాబాద్‌కి రెండు’ అంటే, సంతోషంగా తలూపకుండా సరిదిద్దండి. సన్‌రైజర్స్‌కి ఒకటి, చార్జర్స్‌కి ఒకటి. సన్‌రైజర్స్ యాజమాన్యం ఆ పాత కప్పును వాడుకోవడం లేదు, అది వాళ్ల మర్యాద. మనమే తీసుకెళ్లి వాళ్ల చేతిలో పెట్టొద్దు. ఇద్దరినీ అభిమానించండి, ఖాతాలు మాత్రం వేరుగా ఉంచండి.

రెండోది, మే 24. ఆ రోజు రాత్రి ఎనిమిదింటికి ఎవరి ఊళ్లో వాళ్లం ఆ ఫైనల్ మళ్లీ పెట్టుకుని చూద్దాం. మన ఎనిమిది అంటే లండన్‌లో మధ్యాహ్నం మూడున్నర, డాలస్‌లో పొద్దున తొమ్మిదిన్నర. సిడ్నీవాళ్లకి అర్ధరాత్రి పన్నెండున్నర, కాస్త ఓర్చుకోవాలి. మొత్తం చూసే తీరిక లేనివాళ్లు బెంగళూరు బ్యాటింగ్ నుంచి చూసినా చాలు. మీ హాస్టల్ వాళ్లతో, మీ రూమ్మేట్లతో, ఆరేళ్లుగా మాట్లాడని వాడితో కూడా. నంబరు మారిపోయి ఉంటే వాడి చెల్లెలినో బావమరిదినో పట్టుకుని సంపాదించండి, ఇలాంటి పనులకు అదే దారి. మీదగ్గర పాత జెర్సీ ఉంటే తీయండి, పొట్ట మీద బిగుసుకున్నా పర్లేదు, కెమెరా పైనుంచి పెట్టుకోవచ్చు.

మా గ్రూపులో ఏర్పాట్లు మొదలయ్యాయి. జగిత్యాల వాళ్లింట్లోకి ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ కొన్నాడట, వాళ్లావిడకు కారణం చెప్పలేదు. కర్నూలు సిడ్నీ నుంచి అడిగాడు, ఈసారైనా చివరి ఓవర్ చూడొచ్చా అని. ఓటింగ్ పెట్టాం. కాల్‌లో ఉండొచ్చు గానీ పందొమ్మిదో ఓవర్ అవ్వగానే బాల్కనీలోకి వెళ్లాలని తేలింది. గెలిచిన మ్యాచే కదరా, పదహారేళ్ల క్రితం అయిపోయింది కదరా అని మొత్తుకున్నాడు. నిజమే. కానీ రిస్క్ ఎందుకు?

ఇట్లు,
హాస్టల్లో నీళ్ల డ్రమ్ము పక్కన నిలబడ్డవాడు